అనాస వాసన చేసే మనిషి

బస్సులో మా బావ పక్కన ఎవరూ కూర్చోరు. కడ్డీ పట్టుకుని ఊగుతూనైనా వస్తారు గానీ ఆ ఖాళీ సీటు జోలికి రారు. తెలియక ఎవరైనా కూర్చున్నా, ఒక స్టాపు దాటేలోపే లేచి, దిగిపోయేవాళ్ళలా తలుపు దగ్గరికి నడుస్తారు. తీరా స్టాపు వస్తే దిగరు. బావ ఇదేమీ పట్టనట్టు కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు గానీ, నిజానికి అన్నీ చూస్తాడు. గడ్డం గీసుకున్నాక మనం అద్దం చూసుకున్నట్టు, తన ఒంటిమీద ఆ రోజు వాసన ఎంతుందో ఎదుటివాళ్ళ ముఖాల్లో చూసుకోవడం ఈమధ్య ఆయనకి అలవాటైంది. కనుబొమలు ముడిపడితే కొంచెమే. రుమాలు బయటికొస్తే ఎక్కువ. చంటిబిడ్డ తల్లి తన బిడ్డనే అనుమానంగా తడిమి చూసుకుందంటే, ఆ రోజు చేసింది పైనాపిల్ అన్నమాట.

మా బావ, అంటే మా పెద్దక్క భర్త, ఒక చిన్న ఎసెన్సుల కార్ఖానాలో కెమిస్టు. ఐస్‌క్రీముల్లో, చాక్లెట్లలో, పిల్లల దగ్గుమందుల్లో కలిపే పండ్ల వాసనలు అక్కడ తయారవుతాయి. ఆ మాట చెప్పగానే వినేవాళ్ళ ముఖాలు విచ్చుకుంటాయి. "అబ్బ, రోజంతా పండ్ల వాసనల మధ్య! పెట్టి పుట్టారండీ" అంటారు. పండు వాసన సీసాలోకి వెళ్ళి మూత పడిపోతుందనీ, దాన్ని పుట్టించిన యాసిడ్ మాత్రం చొక్కా పట్టుకుని ఇంటిదాకా వస్తుందనీ వాళ్ళకి తెలియదు. పైనాపిల్ వాసన రావాలంటే బ్యుటిరిక్ యాసిడ్ కావాలి. చెడిపోయిన వెన్నలో ఉండేది అదే, పసిపిల్లలు కక్కిన పాలలో ఉండేదీ అదే. లోకంలో నోరూరించే వస్తువులు తయారయ్యే గదులన్నీ ఇలాగే ఉంటాయని నా అనుమానం. తినేవాళ్ళకి ఆ గది చూపించరు, అంతే.

నాకు పని దొరక్క అక్క ఇంట్లో ఉంటున్న రోజుల్లో, ఒక సాయంత్రం ఆయన్ని అడిగాను, "అసలు మీరు చేసేదేంటి బావా?" అని.

"చాలా తేలిక రా" అన్నాడు బావ. "యాసిడ్ ఒకటి, ఆల్కహాల్ ఒకటి. రెండూ కలిపి, కాస్త సల్ఫ్యూరిక్ యాసిడ్ పోసి మరగబెట్టాలి. అవి రెండూ కలిసి మూడోది పుడుతుంది. దాన్ని ఎస్టర్ అంటారు. పండ్ల వాసనలో సగం అదే. యాసిడ్ మారిస్తే ఒక పండు, ఆల్కహాల్ మారిస్తే ఇంకో పండు."

"అంతేనా?"

"వినడానికంతే. పెళ్ళి మాత్రం, వినడానికి అంతే కాదూ?"

వంటింట్లోంచి అక్క గొంతు వచ్చింది. "వింటున్నా."

బావ గొంతు తగ్గించి, "చిక్కంతా ఎక్కడుందంటే, ఎస్టర్‌తో పాటు నీళ్ళు కూడా పుడతాయి" అన్నాడు. "ఆ నీళ్ళు ఊరుకోవు. పుట్టినదాన్ని మళ్ళీ విడగొట్టి, యాసిడ్‌ని యాసిడ్‌గా, ఆల్కహాల్‌ని ఆల్కహాల్‌గా వెనక్కి పంపేస్తాయి. ఇటు కొంత కలుస్తుంటే అటు కొంత విడిపోతుంటుంది. ఎంతసేపు మరగబెట్టినా ఒక చోటికొచ్చి ఆగిపోతుంది."

"మీ వాళ్ళతో మాట్లాడినట్టే!" అంది అక్క.

బావ నవ్వాడు. ఆయన నవ్వితే భుజాలు మాత్రమే కదులుతాయి, చప్పుడు రాదు.

తర్వాత ఒకసారి ఆయనతో వెళ్ళి ఆ గది చూశాను. ప్రయోగశాల అని పేరే గానీ, కార్ఖానా వెనక భాగంలో రేకుల కప్పు కింద పొడవాటి గది. పలకలు పరిచిన బల్ల మీద గుండ్రటి గాజు ఫ్లాస్కులు వేడినీళ్ళ తొట్లలో కూర్చుని మరుగుతుంటాయి. ఒక్కోదాని మెడ మీద నిలువుగా ఒక గాజుగొట్టం. దాని చుట్టూ ఇంకో గొట్టం, అందులో చన్నీళ్ళు తిరుగుతుంటాయి. ఆవిరి పైకెగిరి, చల్లదనం తగిలి, చుక్కలుగా మళ్ళీ ఫ్లాస్కులోకే రాలుతుంది. పైకెళ్ళినదాన్ని వెళ్ళినట్టే కిందికి దించే ఆ ఏర్పాటు చూస్తే, నేను ఉద్యోగం కోసం తిరిగొచ్చిన ఆఫీసులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

మరగడం అయ్యాక ఆ ద్రవాన్ని చన్నీళ్ళలో పోస్తే నూనెలాంటిది పైకి తేలుతుంది. దాన్ని అడుగున కొళాయి ఉన్న గాజు గరాటులోకి తీసుకుని, వంటసోడా కలిపిన నీళ్ళతో ఊపి ఊపి కడుగుతారు. మిగిలిపోయిన యాసిడ్ సోడాకి తగిలి బుస్సుమంటుంది. బావ గరాటుని తలకిందులుగా పట్టుకుని, కొళాయి కాస్త తిప్పి ఆ గాలిని వదిలి, మళ్ళీ ఊపేవాడు. బుస్సు ఆగేదాకా అదే పని. తర్వాత తడి లాగేసే పొడి వేసి, మళ్ళీ వేడి చేసి, సరైన వేడి దగ్గర దిగినదాన్ని మాత్రమే పట్టుకోవాలి.

అంతా అయ్యాక చివరి తీర్పు ముక్కుది. సన్నటి కాగితం ముక్క సీసాలో ముంచి, గాల్లో ఆడించి, మొదటి ఘాటు పోయేదాకా ఆగి, అప్పుడు వాసన చూడాలి. పండు వాసన వెళ్ళిపోయాక వెనకాల ఏం మిగిలిందన్నదే ముఖ్యం. వెనకాల పులిసిన కంపు తగిలిందా, యాసిడ్ ఇంకా ఉన్నట్టు. సోడా నీళ్ళకి చిక్కనంత కొంచెం కూడా ముక్కుకి చిక్కుతుంది. అంత కొంచెం కూడా మిగలకూడదు. అది సరుకుకి అంటుకుపోయి, పైనాపిల్ బిస్కెట్ తిన్న పిల్లాడు పక్కకి ఉమ్మేసేలా చేస్తుంది.

ఆ కాగితం ముక్క పట్టుకునేది బావ ఒక్కడే. కార్ఖానా యజమాని కొనేవాళ్ళకి ఆయన్ని పేరుతో పరిచయం చెయ్యడు. భుజం మీద చెయ్యి వేసి, "ఇదిగో, మా ముక్కు" అంటాడు. "మరగబెట్టడం, కడగడం, వీధిలో పోయే కుర్రాడికి నేర్పినా చేస్తాడండీ. ఈ ముక్కుని ఎక్కడ తెస్తాం?" ఆ మాటలో పొగడ్త ఎంతుందో బెదిరింపూ అంతే ఉందని బావకి తెలియదా? తెలుసు. అయినా ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు.

ఒక సాయంత్రం బావ నడిచి ఇంటికొచ్చాడు. వాకిట్లో ఉండగానే అక్క అరిచింది.

"అక్కడే ఆగండి! ఆ బూట్లు లోపలికి తెచ్చారంటే చూడండి!"

"బూట్లకేమైంది? బస్సులో ఎవరో చచ్చిన ఎలకని తెచ్చారే" అన్నాడు బావ. "కండక్టర్ వచ్చి, 'సార్, ఏమీ అనుకోకండి, మీ సంచిలో ఏముంది?' అన్నాడు. 'భోజనం క్యారేజీ' అన్నాను. 'ఏం భోజనం సార్ అది?' అన్నాడు వెధవ. అందరం కలిసి సీట్ల కింద కూడా వెతికాం."

"అందరంటే, మీరు కూడానా?"

"నేనే ముందు వంగి చూశాను. చివరికి నన్నే దింపేశారు, ఎందుకో మరి."

అక్కా నేనూ పడీ పడీ నవ్వాం. పొద్దున యాసిడ్ వంపుతున్నప్పుడు కుడి బూటు మీద ఒలికినట్టుంది, తోలంతా నానిపోయింది. బావ ఆ బూటు విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు ఆయన ముఖం చూసి అక్క నవ్వు ఆపేసింది.

"ఏమీ రావడం లేదు" అన్నాడు.

"జలుబేమో."

బావ లోపలికొచ్చి సబ్బు వాసన చూశాడు, వచ్చింది. ఉల్లిపాయ చూశాడు, వచ్చింది. నా తల పట్టుకుని వంచి నూనె వాసన చూశాడు, అదీ వచ్చింది. మళ్ళీ వెళ్ళి బూటు చూశాడు. ఏళ్ళ తరబడి ఆ ఒక్క యాసిడ్ మధ్యే బతికీ బతికీ, ఆయన ముక్కు ఆ ఒక్కదానికే తలుపు మూసేసుకుంది. అందరూ వెతుకుతున్న కంపుని, తెచ్చినవాడే వంగి సీటు కింద వెతికాడు.

అక్క బూట్లని ఇసకలో పూడ్చి వచ్చేసరికి బావ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "మొన్న ఒక సీసా వెనక్కి వచ్చింది" అన్నాడు. "సీసా సరిగా కడగలేదని ప్యాకింగ్ ఆవిణ్ణి యజమాని అందరి ముందూ తిట్టాడు. నేను అక్కడే ఉన్నాను."

"మీరేమన్నారు?"

"నేనూ అలాగే అనుకున్నానే. నా ముక్కు చూసి పంపిన సరుకు కదా."

ఇప్పుడు అలా అనుకోవడానికి లేదు. యజమానికి తెలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మరగబెట్టేవాళ్ళు వీధిలో దొరుకుతారు. ముక్కు లేని ముక్కుని ఎవరుంచుకుంటారు?

మర్నాటి సాయంత్రం బావ జేబులోంచి బిరడా పెట్టిన చిన్న గాజుగొట్టం తీశాడు. అందులో ఒక కాగితం ముక్క. అక్క ముందు పెట్టి, "ఇది కాస్త చూడు" అన్నాడు.

"నేనా? ఆ కంపు వదిలించడానికే ఇంట్లో సబ్బంతా అరిగిపోతోంది."

"ఉందో లేదో చెప్పు చాలు."

అక్క చేతులు కడుక్కుని కిటికీ దగ్గరికెళ్ళి కాగితం ఆడించి వాసన చూసింది. కళ్ళు మూసుకుంది. "ముందు పండు వస్తోంది. బాగుంది. ఆగండి... వెనకాల కడగని పాలగిన్నె."

మర్నాడు బావ దాన్ని మళ్ళీ సోడాతో కడిగాడు. సాయంత్రం ఇంకో కాగితం వచ్చింది. "ఇప్పుడు గిన్నె లేదు" అంది అక్క. ఆ సరుకు బయటికెళ్ళింది, వెనక్కి రాలేదు.

అప్పటినుంచి అదే పద్ధతి. ఇందులో అక్క గొప్పతనమేమీ లేదు. ఆమె ముక్కు ఆ గదిలో పనిచెయ్యలేదు, అంతే. పైగా తప్పులూ చేసేది. ఒకసారి ఉల్లిపాయలు తరిగిన చేత్తో కాగితం పట్టుకుని బంగారంలాంటి సరుకుని పనికిరాదంది. ఇంకోసారి పొద్దున ఇద్దరికీ మాటా మాటా పెరిగింది, ఆ సాయంత్రం కాగితంలో ఎక్కడా లేని కంపంతా ఆమెకే తగిలింది. బావ ఆ సరుకుని రెండోసారి కడిగి, మూడోసారి కూడా కడిగి, చివరికి "పొద్దున నేనన్నది తప్పేలే" అన్నాక గానీ కంపు పోలేదు.

చిక్కల్లా ఏంటంటే, సాయంత్రం తయారైన సరుకు మర్నాటిదాకా కదిలేది కాదు. యజమాని అడిగితే బావ ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "వాసన ఒక రాత్రి కూర్చోవాలండీ, అప్పుడే స్థిరపడుతుంది" అన్నాడు. యజమాని రెండు రోజులు గొణిగి, మూడో రోజు నుంచి అదే మాట కొనేవాళ్ళకి గొప్పగా చెప్పడం మొదలుపెట్టాడు. "మిగతావాళ్ళు చేసింది చేసినట్టు అమ్మేస్తారు. మా దగ్గర అలా కాదండీ, వాసన ఒక రాత్రి విశ్రాంతి తీసుకోవాల్సిందే!" ఆ విశ్రాంతి మా వంటింటి కిటికీలో జరుగుతోందని ఆయనకేం తెలుసు? వ్యాపారం అన్నది ఎలాంటి అబద్ధాన్నైనా కడిగి, ఆరబెట్టి, సీసాకెత్తగలదు.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఒకరోజు అక్కతో అన్నాను, "పేరు ఆయనది, ముక్కు నీది. ఎందుకక్కా ఈ గుట్టు నువ్వు మొయ్యడం?"

"నేను మోసేది కాగితం ముక్క రా. దాని బరువెంత?"

"మాట మార్చకు."

అక్క చేతిలో గిన్నె కడిగి బోర్లించింది. తర్వాత, "పెళ్ళైనప్పటినుంచీ చూస్తున్నాను" అంది. "ఎలా ఉందని నన్నడిగి, జవాబు చెప్పేదాకా ఆయన ఎదురుగా నిలబడటం ఇప్పుడే. ఇవన్నీ నీ పుస్తకాల్లో రాసుండవు గానీ, వెళ్ళి నీళ్ళు పట్టు."

ఇలా కొన్ని నెలలు గడిచాక ఒక పెద్ద బిస్కెట్ కంపెనీ నుంచి కబురొచ్చింది. ఏడాది పొడవునా పైనాపిల్ ఎసెన్సు కావాలి. కానీ వాళ్ళ తరఫున వచ్చే ఆవిడ పాతికేళ్ళుగా ఇదే కొంటున్న మనిషి, మాటలకి లొంగే రకం కాదు. "నా ముందు చెయ్యాలి, నా ముందే వాసన చూడాలి. విశ్రాంతులూ అవీ నాకు చెప్పకండి, రేపే వస్తున్నాను" అందట.

ఆ సాయంత్రం బావ అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"చెప్పేయండి" అంది అక్క.

"చెప్తే ఆవిడ ఇంకో కార్ఖానాకి వెళ్తుంది. యజమాని నన్ను గేటు బయటికి పంపిస్తాడు. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు? బస్సువాళ్ళే తీసుకోవట్లేదు."

చివరికి ఆయనే ఉపాయం ఆలోచించాడు. మధ్యాహ్నం అక్క భోజనం క్యారేజీ పట్టుకుని రావాలి. సరిగ్గా ఆ వేళకి ఆయన కాగితం ముంచి, ఆరబెడుతున్నట్టు ఆమె వైపు ఆడిస్తాడు. బాగుంటే క్యారేజీ బల్ల మీద పెట్టాలి. బాగోకపోతే నేల మీద పెట్టాలి.

"మధ్యలో నాకు తుమ్ము వస్తే?" అన్నాను నేను.

"నువ్వు బయటే ఉండు" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

మర్నాడు అక్కని సైకిల్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది నేనే. ప్రయోగశాల గుమ్మం దగ్గర ప్యాకింగ్ ఆవిడ, ఇంకో ఇద్దరు పనివాళ్ళు తొంగి చూస్తున్నారు. నేను వాళ్ళ వెనక నిలబడ్డాను. లోపల కంపెనీ ఆవిడ, తెల్లటి జుట్టు మనిషి, బల్ల పక్కన నిలబడే ఉంది, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. యజమాని అటూ ఇటూ తిరుగుతూ, "మా ముక్కండీ" అని అప్పటికే రెండుసార్లు అన్నాడు. బావ చేతిలో కాగితం ముక్క ఉంది.

అక్క లోపలికి అడుగుపెట్టింది. బావ కాగితాన్ని ఆమె వైపు మెల్లగా ఆడించాడు.

ఇంతలో అక్క ముఖం అయోమయంగా మారిపోయింది. మేమెవ్వరం ఆలోచించని సంగతి ఏమిటంటే, ఇంట్లో ఆమె వాసన చూసింది శుభ్రమైన గాలిలో. ఇక్కడ గోడలకి, బల్లకి, రేకుల కప్పుకి, ఏళ్ళ తరబడి పట్టిన యాసిడ్ అంతా ఒక్కసారి ఆమె ముక్కు మీద పడింది. కాగితంలో కంపు ఉందా, గదిలో ఉందా, చెప్పడం ఆమె తరం కాలేదు. వాసనల పని చేస్తూ ముసలివాడవబోతున్న మా బావకి ఈ చిన్న విషయం తట్టలేదు. ఆయన దృష్టిలో ఆ గదిలో వాసనే లేదు కదా.

అక్క క్యారేజీ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బల్ల మీదా పెట్టలేదు, నేల మీదా పెట్టలేదు. బావ కళ్ళు క్యారేజీ మీదే ఉన్నాయి.

"పర్లేదమ్మా, ఎంతసేపు మోస్తావు? ఇలా ఇవ్వు" అంటూ యజమాని ఆమె చేతిలోంచి క్యారేజీ లాక్కుని, టక్కున బల్ల మీద పెట్టేశాడు.

బావ ఊపిరి వదిలాడు. కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని, "బాగుంది" అన్నాడు. "పంపించొచ్చు."

"ఒక్క నిమిషం" అంది అక్క.

ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని గుమ్మం దాటింది. మా మధ్యలోంచి తోసుకుంటూ వెళ్ళి, ఆవరణ దాటి, గేటు దాటి, వీధిలో నిలబడింది. రెండుసార్లు గట్టిగా గాలి పీల్చి వదిలింది. అప్పుడు కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంది. లోపలివాళ్ళంతా గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు.

"ఏమయ్యా, ఆవిడేం చేస్తోంది?" అన్నాడు యజమాని.

అక్క వెనక్కొచ్చి, గుమ్మం బయటే ఆగి, "ఇంకా ఉందండీ. ఇంకోసారి కడగాలి" అంది.

యజమాని పెద్దగా నవ్వాడు. "అమ్మా, నువ్వు ఇంట్లో ఆయన్ని ఎన్నైనా అను. ఇక్కడ ఆయన ముక్కుకి తిరుగు లేదు!"

కంపెనీ ఆవిడ నవ్వలేదు. బావ వైపు తిరిగి, "మీరు బాగుందన్నారు. ఈవిడ బాగోలేదంటున్నారు. నేనేది నమ్మమంటారు?" అంది.

బావ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళకేం తెలుస్తుందండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇలాంటి గదుల్లో ఆ మాటకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. యజమాని ముఖంలో ఆ మాట కోసం చోటు కూడా సిద్ధంగా ఉంది.

"ఆవిడ చెప్పిందే నమ్మండి" అన్నాడు బావ. "నాకు ఆ వాసన రాదు. మిగతావన్నీ వస్తాయి, అదొక్కటి రాదు. చాలా నెలలైంది." గుమ్మం వైపు చూసి, "అప్పుడు వెనక్కొచ్చిన సీసా... అది సీసా తప్పు కాదు. నాది" అన్నాడు.

"మరి ఆ రోజు నన్ను తిడుతుంటే నోరెక్కడ పెట్టుకున్నారు సార్?" అంది ప్యాకింగ్ ఆవిడ.

"ఆ రోజు నాకు తెలియదు. తెలిశాక చెప్పాల్సింది. చెప్పలేదు."

"ఉండవయ్యా" అన్నాడు యజమాని, ఇంకా లెక్క తేలనట్టు. "మరి రాత్రంతా వాసన కూర్చోవాలన్నావు?"

"మా ఇంటిదాకా వెళ్ళి రావాలి కదండీ."

కంపెనీ ఆవిడ అప్పుడు నవ్వింది. అక్క చేతిలోని కాగితం తీసుకుని తనూ వీధిలోకి వెళ్ళి చూసి వచ్చింది. "ఉంది. చాలా కొంచెం, కానీ ఉంది" అంది. "కడగండి. రేపొస్తాను. ఈసారి వీధిలోనే చూద్దాం."

ఆ సాయంత్రం అక్క అన్నాలు వడ్డించింది. కంచంలో చెయ్యి పెట్టి బావ అన్నాడు, "బల్ల మీద పెట్టేశాడు కదా, అలాగే వదిలేస్తే పోయేది."

"బాగోలేదుగా" అంది అక్క.

"నాకు తెలుసు బాగోలేదని. ఇప్పుడు తెలుసు." కంచం ముందుకి జరిపాడు. "ఇన్నేళ్ళూ ఆ ఒక్క పేరే నాకుంది. డిగ్రీ అందరికీ ఉంది."

అక్క ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డించింది. ఓదార్చడం ఆమెకి చేతకాదు. ఆ మాటకొస్తే మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

ఆర్డర్ వచ్చింది. యజమాని బావని పంపెయ్యలేదు. అది ఆయన మంచితనమని అనేవాళ్ళూ ఉన్నారు. కంపెనీ ఆవిడ కాగితాల మీద సంతకం పెడుతూ, "చేసేది ఈయనే, చూసేది ఆవిడే, అలా అయితేనే" అనకపోయి ఉంటే ఆ మంచితనం ఏ పాటిదో చూసేవాళ్ళం. గేటు బయట గోడ పక్కన ఒక రేకు కట్టి, కింద కుర్చీ వేశారు. అక్క ఇంటి పని చూసుకుని వచ్చి అక్కడ కూర్చుంటుంది. "మా ముక్కు" అన్న మాట యజమాని నోట మళ్ళీ రాలేదు. అక్కని అలా పిలవడానికి నోరు రాలేదో, బావ ముందు పిలవడానికి రాలేదో నాకు తెలియదు.

మొదటి రోజు నేను అక్కని దింపి, వెళ్ళకుండా గోడ పక్కన నిలబడ్డాను. మధ్యాహ్నానికి బావ కాగితం పట్టుకుని ఆవరణ దాటి వచ్చాడు. ఆ నాలుగడుగులు నడవడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో! తన సరుకుని ఇంకొకళ్ళ చేతిలో పెట్టి, పదిమంది ఎదుట తీర్పు కోసం నిలబడటం ఆయనకి అదే మొదటిసారి. ప్యాకింగ్ ఆవిడ మూతలు బిగిస్తున్నట్టు నటిస్తూ చెవులు ఇటే పెట్టింది.

అక్క కాగితం ఆడించింది, చూసింది. "ఇంకా ఉంది."

"ఉండదు. బుస్సు ఆగేదాకా కడిగాను."

"ఉందంటున్నా కదండీ."

"పొద్దున నేనేమైనా అన్నానా నిన్ను?"

ప్యాకింగ్ ఆవిడ ఫక్కున నవ్వింది. అక్క కూడా నవ్వబోయి పెదవి కొరుక్కుంది. బావ నవ్వలేదు. కాగితం వెనక్కి తీసుకుని తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆయనకి పండు ఒక్కటే తగులుతుందని మా అందరికీ తెలుసు. అయినా చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. అప్పుడు అక్క కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, మామూలు గొంతుతో అడిగాడు.

"ఎంత ఉంది? నాకు తెలిసేలా చెప్పు."

అక్క మళ్ళీ చూసింది. తొందరపడలేదు. "పాలగిన్నె అంత కాదు" అంది. "తువ్వాలు తడి ఆరకుండా మడతపెట్టి బీరువాలో పెట్టామనుకోండి. తర్వాత మడత విప్పినప్పుడు గుప్పుమంటుందే, అది కూడా కాదు. దాన్ని ఒకసారి దులిపాక మిగులుతుందే, అంత."

బావ తల ఊపుతూ విన్నాడు. వేళ్ళతో గాల్లో ఏదో కొలుచుకుంటున్నట్టు కనిపించాడు.

"అయితే సోడా అక్కర్లేదు" అన్నాడు లేస్తూ. "యాసిడ్ సోడాలోకి వెళ్ళిపోయింది, ఆ సోడా నీళ్ళే కాస్త అంటుకుని ఉన్నాయి. ఉత్త నీళ్ళతో ఒకసారి కడిగి, ఇంకాసేపు ఆరబెడితే చాలు."

"నాకేం తెలుసు? మీ పని మీది."

బావ లోపలికెళ్ళాడు. కాసేపటికి గరాటు కొళాయి తిప్పిన చప్పుడు, బకెట్‌లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించాయి. అక్క ఆ పాత కాగితాన్ని నలిపి పక్కన పడేసి, కత్తెర తీసుకుని కొత్తది కత్తిరించుకుంటోంది.